కాడిలాక్ కొనిపెట్టే దొరగారు

హేస్టింగ్స్ వీధి, డెట్రాయిట్
1931 అక్టోబరు

ప్రియమైన చెల్లి వర్డెల్‌కి,

నీ కాలేజీ ఫీజు ఈ కవరులోనే ఉంది. ఎక్కడిదని కంగారు పడకు. దొంగతనం చేయలేదు, పేకాట ఆడలేదు. ఒక పూట తెల్లవాడిగా పనిచేశాను.

నవ్వకుండా విను. ఇనుము పోతపోసే ఫౌండ్రీలో మా షిఫ్టు మొత్తాన్ని ఇంటికి పంపేశాక, డాక్టర్ ప్రూయిట్ గారి ఆసుపత్రి ముందు ఆకులు ఊడ్చే పని దొరికింది. మొన్న ఆయన బయటికొచ్చి నన్ను ఎగాదిగా చూశారు.

"ఆల్టన్, టోపీ తియ్యి. ఇటు తిరుగు. దేవుడు నీ దగ్గరికొచ్చేసరికి రంగు డబ్బా ఖాళీ అయిపోయినట్టుందిరా. దాన్నెందుకు వృథా చేస్తావ్?"

ఆయనకి కాడిలాక్ కారు కావాలి. మన నల్లవాళ్లు రొక్కం పట్టుకెళ్లినా ఆ దుకాణాల్లో అమ్మరని నీకూ తెలుసు కదా. ఎవరైనా తెల్లాయనకి కమీషనిచ్చి కొనిపించుకోవాలి. పోయినసారి కుదుర్చుకున్నవాడు కమీషన్ తీసుకున్నది చాలక, కొత్త కారులో వారం రోజులు తన పెళ్లాన్ని ఊరంతా తిప్పి మరీ తెచ్చిచ్చాడట. ఈసారి డాక్టరు గారు సూటు తొడిగి నన్ను పంపారు.

వుడ్‌వర్డ్ అవెన్యూలో ఆ దుకాణం తలుపు తీసిందెవరనుకున్నావ్? మన చర్చిలో బొంగురు గొంతుతో పాడే హోసియా టల్ బాబాయ్! చేతులకి తెల్ల తొడుగులు. "దయచేయండి సార్" అని వంగి, లేస్తూ కన్ను గీటాడు. నవ్వాపుకోలేక చచ్చాననుకో.

లోపల అమ్మకాలు చూసే హాడ్లీ నన్ను తోలు కుర్చీలో కూర్చోబెట్టి చుట్ట ఇచ్చాడు. పదహారు సిలిండర్ల ఇంజిన్ మీద ఒక నాణేన్ని నిలువుగా నిలబెట్టి స్టార్టు చేశాడు. పడలేదు చెల్లీ! ఈ ఊరిని స్థాపించిన ఫ్రెంచాయన పేరే ఈ కారుకి పెట్టారని చెప్పాడు. నేను పెద్దమనిషిలా తల ఊపుతూ కూర్చున్నాను. నోరు తెరిస్తే మన జార్జియా యాస బయటపడుతుందని భయం. కారు కొని అప్పగించాక డాక్టరు గారు ఆ కమీషన్ నాకే ఇచ్చారు.

జాగ్రత్తగా చదువుకో.
నీకోసం చుట్ట కూడా కాల్చిన అన్నయ్య,
ఆల్టన్


నాష్‌విల్
నవంబరు

ప్రియమైన అన్నయ్యా,

'తెల్లవాడిగా పనిచేశాను' అన్న నీ మాటని హాస్టల్లో అందరికీ చదివి వినిపించాను. మా గదిలోని జెరూషా మంచం మీంచి కిందపడింది. నువ్వు ఫౌండ్రీకి పోయి సాహిత్యానికి అన్యాయం చేశావు.

ఈ ఏడు నాకు మాటల పిచ్చి పట్టింది. అన్నం తింటూ కూడా వాక్యాలు కట్టుకుంటున్నాను. మా రచనా సంఘంలో ప్రతివాళ్లూ చంద్రుడి మీద రాస్తున్నారు. నేను కాడిలాక్ మీద రాస్తానన్నాను. మా టీచరమ్మ కళ్లద్దాలు తీసి, "కొత్తగా ఉంది, రాయి" అంది.

కాబట్టి నాకు అన్నీ కావాలి. ఆ బండి ఎలా మొదలైంది, ఎందుకంత పేరు? ఇంకోటి డాక్టరు గారిని అడుగు. మనకి తలుపు తియ్యని కొట్లో వస్తువు కోసం మనవాళ్లు అంత తపించడమెందుకు? సిగ్గు కాదా?

హోసియా బాబాయ్ కన్ను గీటడం ఉంది చూశావూ, నాకు అన్నిటికన్నా అదే నచ్చింది. ఇంకెప్పుడైనా అలా చేస్తే తప్పకుండా రాయి.

ఒళ్లంతా చెవులు చేసుకుని ఎదురుచూస్తూ,
వర్డెల్


డెట్రాయిట్
1932 జనవరి

ప్రియమైన వర్డెల్,

నీ ప్రశ్న అడిగితే డాక్టరు గారు కోప్పడతారనుకున్నాను. ఆయన ఊరికే కాసేపు వేళ్లు విరుచుకున్నారు.

"మంచి వీధిలో ఇల్లు అమ్మరు. హోటల్లో గది ఇవ్వరు. వైద్యుణ్ణే, వాళ్ల ఆసుపత్రిలో నా రోగిని ముట్టుకోనివ్వరు. ఇంత సంపాదించి ఏం చెయ్యమంటావురా? ఇల్లైతే ఒకచోటే పడి ఉంటుంది. ఈ బండినైతే ఆదివారం పూట వాళ్ల అరుగుల ముందునుంచే మెల్లగా పోనిస్తాను. మీ చెల్లికి రాయి, సిగ్గు నాకు కాదు అని."

ఇక చరిత్ర. హాడ్లీని కదిపితే చాలు, ఆగడు. ఒకప్పుడు ఏ కారు భాగం ఆ కారుకే సరిపోయేది, పక్కదానికి పట్టేది కాదట. వీళ్లు ఇంగ్లండులో మూడు కార్లని విప్పేసి, ముక్కలన్నీ కలిపేసి, మళ్లీ మూడు కార్లు బిగించి నడిపించారట. తర్వాత, చెయ్యి విరగ్గొట్టే హ్యాండిల్ తిప్పే పని లేకుండా కరెంటుతో స్టార్టయ్యే బండి తెచ్చారు. అప్పటినుంచే ఆడవాళ్లు కూడా ధైర్యంగా నడుపుతున్నారట.

నేనిప్పుడు ఆ కొట్లో పాతకాపుని, మిస్టర్ గెయిన్స్ గారిని. ఒక గాయనికి, ఒక శవపేటికల వ్యాపారికి కూడా కొనిపెట్టాను. ఊళ్లో సగం కంపెనీలు మూతపడి కొనేవాడే లేడు. నేను వెళ్తే హాడ్లీకి పండగే.

ఒకటి చెప్పాలి. మొన్న హాడ్లీ మనవాళ్ల మీద ఒక జోకు వేశాడు. రాయను, నీ చేతికి మసి అంటుతుంది. హోసియా బాబాయ్ అక్కడే తలుపు ఇత్తడి తుడుస్తున్నాడు. నేను నవ్వాను వర్డెల్. అందరికన్నా గట్టిగా నవ్వాను. బయటికొస్తుంటే బాబాయే నా భుజం మీది దారప్పోగు తీసి, "మంచి సూటు సార్" అన్నాడు, మళ్లీ కన్ను గీటి.

నీ
ఆల్టన్


నాష్‌విల్
ఫిబ్రవరి చివర

ప్రియమైన అన్నయ్యా,

నువ్వు నవ్వినందుకు నాకు కోపం వచ్చింది. వెంటనే నా ఫీజు గుర్తొచ్చి నామీదే కోపం వచ్చింది. ఇంకెప్పుడూ నవ్వకు. తుమ్మొచ్చినట్టు ముక్కు పట్టుకో.

ఇప్పుడు గుండె చిక్కబట్టుకో. నా వ్యాసం అచ్చయింది! రచనా సంఘం గోడ మీద కాదు, మన నల్లవాళ్ల వారపత్రికలో! టీచరమ్మే నాతో చెప్పకుండా పంపిందట. రైల్లో పనిచేసే మనవాళ్లు దాన్ని ఊరూరా మోస్తారు. అంటే నా వాక్యాలు రైలెక్కాయి అన్నయ్యా!

పేర్లు పెట్టలేదు, భయపడకు. 'ఒక పెద్ద నగరం', 'ఒక వైద్యుడు', 'పాలరంగు యువకుడు' అనే రాశాను. కత్తిరించి పంపుతున్నాను. తలుపు దగ్గరి పెద్దాయన గురించి రాసిన పేరా చదివితే నువ్వే శభాష్ అంటావు.

గాల్లో తేలుతూ,
నీ వర్డెల్


డెట్రాయిట్
మార్చి

ప్రియమైన వర్డెల్,

ఆలస్యంగా రాస్తున్నాను. నీమీద అలక కాదు. ఎలా రాయాలో తెలియలేదు.

నీ వ్యాసం ఇక్కడికి ముందే వచ్చింది. ఆ కొట్టు వెనక కార్లు కడిగే మనవాళ్లు పత్రిక తెచ్చుకుని, బకెట్లు బోర్లించి కూర్చుని పైకి చదువుకున్నారు. "తెల్ల తొడుగుల పెద్దాయన కన్ను కొట్టి, నోటికి చెయ్యి అడ్డం పెట్టి, యజమానుల అమాయకత్వానికి కడుపారా నవ్వుకున్నాడు" దగ్గరికొచ్చేసరికి అందరూ ఒకటే నవ్వు. ఆ నవ్వు విని మేనేజరు వచ్చాడు. పత్రిక లాక్కున్నాడు.

ఈ ఊళ్లో పెద్ద కొట్లు చాలానే ఉండొచ్చు. తెల్ల తొడుగులేసుకుని తలుపు తీసే మన పెద్దాయన ఒక్కడే.

అప్పుడు నేను ఆ తోలు కుర్చీలోనే ఉన్నాను. బాబాయ్‌ని నా ముందే నిలబెట్టారు. హాడ్లీ నావైపు తిరిగి, "మిస్టర్ గెయిన్స్, మీరు తరచూ వస్తారు కదా. ఈ ముసలాడు ఎప్పుడైనా ఎవరికైనా కన్ను కొట్టడం చూశారా?" అన్నాడు.

లేదు అని ఉంటే సరిపోయేది. చిన్న మాట. కాని పెద్దమనుషులు ఎలా మాట్లాడతారో అలాగే మాట్లాడాలి కదా! "వీళ్ల మొహాలు నేనెప్పుడూ చూడను" అన్నాను.

మేనేజరు ఆయన్ని పనిలోంచి తీసేశానన్నాడు. బాబాయ్ తొడుగులు విప్పి, ఒకదాని మీద ఒకటి పెట్టి, బల్ల మీద ఉంచి వెళ్లిపోయాడు. నావైపు చూడలేదు. లాటీ పిన్నికి ఉబ్బసం, ఇంటికి ఆ ఒక్క జీతమే ఆధారం. ఇప్పుడు ఊళ్లో కుర్రాళ్లకే పని లేదు, ఆయనకెవరిస్తారు?

నేను వెళ్లి, "ఆ యువకుణ్ణి నేనే, నన్ను పట్టుకోండి, ఆయనకి నేనెవరో తెలియదు" అని చెబితే ఆయన్ని తిరిగి తీసుకోవచ్చు. చెబితే నాకీ పని పోతుంది. నీ చదువూ ఆగుతుంది. అది నీది కాబట్టి నిన్నే అడుగుతున్నాను. ఏం చెయ్యను?

ఆల్టన్


నాష్‌విల్
ఏప్రిల్ చివర

ప్రియమైన అన్నయ్యా,

నువ్వడిగినదానికి వెంటనే జవాబు రావలసింది. రాశాను కూడా. 'వెళ్లు, చెప్పు' అని. ఆ కవరు మీద స్టాంపు అంటించి, దిండు కింద పెట్టుకుని పడుకున్నాను. పరీక్షలయ్యాక పంపుదాం అనుకున్నాను. ఈలోగా బాబాయ్‌కి వేరే పని దొరుకుతుందేమోనని ప్రార్థన చేశాను. చూశావా, దేవుణ్ణి కూడా నా ఫీజు పనికే వాడుకున్నాను.

ఇంకా ఉంది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వాడని నువ్వెప్పుడూ రాయలేదు. అది నేను కల్పించాను. వాక్యం చివర ఏదో తక్కువైనట్టు అనిపించింది. 'కడుపారా' అన్న మాట దొరికినప్పుడు సంతోషంతో గదిలో గంతులేశాను. ఆ ఒక్క మాట కోసం ఒక ముసలాయన అన్నం తీసేశాను. ఆయన పాపం నీమీద ప్రేమతో కన్ను గీటాడు. నేను దాన్ని ఎగతాళి చేసి అచ్చు వేయించాను.

హాస్టల్లో బట్టలుతికే పనికి కుదిరాను. బట్టల సోడా నీళ్లకి వేళ్లు పగిలాయి, కలం పట్టుకుంటే మండుతోంది. మండనీ. నా గురించి ఆలోచించకు. వెళ్లి చెప్పెయ్యి అన్నయ్యా. ఇప్పటికే ఆలస్యం చేశాను.

క్షమించమని అడిగే మొహం లేని,
వర్డెల్


డెట్రాయిట్
మే

ప్రియమైన చెల్లీ,

నీ ఉత్తరం రాకముందే వెళ్లాను. నువ్వు వద్దంటావేమో అన్న భయం ఒకటి, వెళ్లమంటావేమో అన్న భయం ఒకటి. రెండూ భరించలేక వెళ్లాను.

సూటు వేసుకోలేదు. ఫౌండ్రీ చొక్కాతో వెళ్లి, హాడ్లీ ముందు నిలబడి, "పత్రికలో రాసింది నా గురించే. నేను నల్లవాణ్ణి. హేస్టింగ్స్ వీధిలో ఉంటాను. ఆ పెద్దాయనకి నేనెవరో తెలియదు" అన్నాను. నా సొంత యాసలోనే అన్నాను.

హాడ్లీ కుర్చీలో వెనక్కి వాలి నవ్వడం మొదలుపెట్టాడు. "అబ్బ! భలే నటించారే! ఆ యాస ఎక్కడ పట్టారు మీరు?" మేనేజర్ని కూడా కేకేసి పిలిచాడు. "విన్నారా? ఒక నౌకరు కోసం మిస్టర్ గెయిన్స్ తనని తానే నల్లవాణ్ణంటున్నారు!"

"అబద్ధం కాదు. నన్ను చూడండి" అన్నాను.

"చూస్తూనే ఉన్నాను కదండీ" అన్నాడు, కళ్లు తుడుచుకుంటూ. "మీది ఎంత మెత్తని మనసండీ. సరే, మీ మాట కాదంటామా? ఈ గడ్డురోజుల్లో మీలాంటి ఖాతాదారు మాకెవరున్నారు? రేపే రమ్మనండి వాణ్ణి. మీరు మాత్రం మమ్మల్ని మర్చిపోకండి."

అలా బాబాయ్‌కి ఉద్యోగం తిరిగొచ్చింది. నేను చెప్పింది నమ్మి ఇవ్వలేదు, దొరగారి ముచ్చట తీర్చడానికి ఇచ్చారు. ఇప్పుడు నేను రుజువు చూపించి నమ్మిస్తే ఆయన పని పోతుంది. వెళ్లడం మానేసినా పోతుంది. అందుకే మొన్న ఇంకో కారు కొనిపెట్టాను. నీ ఫీజు పంపుతున్నాను. వద్దనకు, ఇదిప్పుడు మన ఇద్దరి చేతుల్లో లేదు. ఆ ఉతికే పని మానెయ్యి.

ఆదివారం బాబాయ్ ఇంటికి వెళ్లాను. లాటీ పిన్ని కుర్చీని గౌను అంచుతో తుడిచి వేసింది. నన్ను చిన్నప్పుడు ఒళ్లో పడుకోబెట్టుకున్న మనిషి! బాబాయ్ కూర్చోలేదు, నిలబడే ఉన్నాడు.

"బాబాయ్, నేను ఆల్టన్‌ని."

"తెలుసు సార్."

"ఇక్కడ మనమే కదా ఉన్నాం. ఎందుకలా పిలుస్తావు? నామీద కోపమా? ఉంటే తిట్టు. రెండు తగిలించు."

"కోపం ఏముంది సార్. మీ చెల్లెలు పిల్ల, దానిమీదా లేదు. మీరు నాకోసం ఏం చెప్పారో నాకు తెలిసింది. మీరు చేయగలిగిందంతా చేశారు." ఆయన గొంతు మెత్తగానే ఉంది. "కాని ఇంట్లో ఒకలాగా, అక్కడ ఒకలాగా పిలిస్తే ఎప్పుడో ఒకరోజు అక్కడ నోరు జారుతుంది. ముసలి నోరు. అందుకని లాటీకి కూడా చెప్పాను. ఎక్కడైనా ఒకటే పిలుపు."

ఒక్కసారి, ఒకే ఒక్కసారి, నా పేరు పెట్టి పిలవమని బతిమాలాను.

ఆయన మొదట వీధి వాకిలి వైపు చూశాడు. తర్వాత నా టోపీ తెచ్చి, రెండు చేతులతో అందించి, "వర్షం వచ్చేలా ఉంది, బయల్దేరండి సార్" అన్నాడు.

నీ అన్నయ్య,
ఆల్టన్