చుక్కలు పడని అంచులు

బోరబండ,
శనివారం.

ప్రియమైన చెల్లి జెరూషకు,

ఫోను అందని ఆ కొండబడిలో ప్రభువు నిన్ను కాపాడుతున్నాడని నమ్ముతున్నాను. ఇక్కడ మేమందరం ఆయన కృపలో ఉన్నాం. క్షేమం అన్న మాట దగ్గర మాత్రం ఈసారి కలం ఆగింది.

మంగళవారం మామూలుగానే తెల్లవారింది. మరదలు పుష్పకుమారి అట్లు పోసింది. తమ్ముడు ప్రేమ్ చంద్ తింటూనే బండి తాళం కోసం వెతికాడు. అది వాడి మోచేతి పక్కనే ఉంది. "కళ్ళు నెత్తిమీద పెట్టుకున్నారా?" అని భార్య దెప్పితే అందరం నవ్వాం. వాడు క్యారేజీ మరచి వెళ్తే, పట్టుకుని ఫిల్మ్ నగర్‌లో వాడు పనిచేసే స్టూడియోకి వెళ్ళాను.

వాడు ఇంకా జంతువుల బొమ్మలు వేస్తున్నాడా అని అడిగావు. వేస్తున్నాడు. ఏదో పిల్లల సినిమాకి రాత్రి ఆకాశం తెర. ఫ్లోరు నిండా నల్లగుడ్డ పరిచి, చుక్కల మధ్య చుట్టచుట్టుకున్న అలుగునీ, పెద్ద కళ్ళ దేవాంగపిల్లినీ వేశాడు. అలుగు ఒంటి మీద పొలుసు పొలుసుకీ ఒక వెలుగు. సృష్టిలో నాలుగో దినపు నక్షత్రాలూ ఆరో దినపు జంతువులూ ఒకే గుడ్డ మీద చూసి దేవుణ్ణి స్తుతించాను.

ఆ తరువాత చూశాను. చుక్కలన్నీ నడుమనే గుండ్రంగా ఉన్నాయి, బావి మూతిలా. అంచులన్నీ ఉత్త నలుపు. వాడు కుంచె విదిలించి చుక్కలు చల్లి, మధ్యలో నిలబడి తల తిప్పకుండా ఒక్క చూపు చూసుకుంటాడు కదా. ఆ రోజూ అలాగే చూసుకుని, "నిండిపోయిందక్కా" అన్నాడు.

దుర్భిణిలోంచి చూసినట్టుందని ఆర్ట్ డైరెక్టరు గారు మెచ్చుకున్నారట. నేను మాత్రం మెచ్చుకోలేకపోయాను. బయటికొస్తుంటే సెట్టు పనివాడు జంగయ్య ఆపాడు.

"అక్కా, మీ తమ్ముడు మొన్న పరంజా మీదికెల్లి పడబోయిండు. పక్కన పలక లేదని చూడలే. జర చెప్పు."

మర్నాడే వాణ్ణి బతిమాలి కంటి డాక్టరుకు చూపించాను. నీటికాసులు, అదే గ్లకోమా అన్నారు. చూపు అంచుల నుంచి కరిగిపోతుందట. పోయింది తిరిగి రాదు, మిగిలింది మందుతో కాపాడుకోవాలి. నాన్నగారు చివర్లో గుమ్మాలకు భుజాలు కొట్టుకునేవారు, గుర్తుందా? వయసనుకున్నాం.

ఇంకొకటి, నీకే చెబుతున్నాను. ఆ రోజు నుంచి నాకు ప్రార్థన రావడం లేదు. మోకరిస్తాను, 'తండ్రీ' అంటాను, అక్కడే ఆగిపోతాను. కళ్ళు మూసుకోవాలంటే భయంగా ఉంది.

నిన్న సాయంత్రం అందరం కూర్చున్నాం. చెబితే పనిలోంచి తీసేస్తారని వాడి దిగులు. "కుంచె లాక్కుంటే నేనింకేం చూడాలక్కా?" అన్నాడు. "పడిపోతే?" అంది పుష్పకుమారి.

చివరికి నిశ్చయించుకున్నాం. సోమవారం వాడే ఆర్ట్ డైరెక్టరు గారికి చెబుతాడు, పక్కన నేనుంటాను. ఏమన్నా సరే, ఇక పరంజా ఎక్కడు. నేల మీది గుడ్డలే వేస్తాడు. పుష్పకుమారి అంచుల వెంట నడిచి ఎక్కడ ఖాళీ ఉందో చెబుతుంది. ఒక్క కడుపున పుట్టినవాళ్ళందరూ చూపించుకోవాలన్నారు డాక్టరు. నేను చూపించుకున్నాను, ఇప్పటికి ఏమీ లేదు. నువ్వు సెలవుల దాకా ఆగవద్దు, ఇది అందగానే బయలుదేరాలని అందరం అనుకున్నాం. నీకు బాగానే కనిపిస్తున్నదని రాయకు. డాక్టరు దగ్గరికి రమ్మంటే వాడూ అదే అన్నాడు.

ఇట్లు,
నీ రాక కోసం చూసే పెద్దక్క,
తబిత.