చిగ్వీరె చేపేనా?

కాన్యో అమార్గో, మార్చి 3

అత్తయ్యా, దీవించు.

ఈ ఉదయం వరండాలో ఒక తడి అడుగు కనిపించింది. నాలుగే వేళ్ళు. నేను చూస్తుండగానే ఆరిపోయింది.

నిన్న బడిలో పాలిచ్చే జంతువుల పాఠం చెప్పాను. గుడ్లు పెట్టేవి కొన్ని, ఎక్కడో దూరదేశంలో. పిల్లను సంచిలో పెంచేవి కొన్ని, మన కోళ్ళను ఎత్తుకుపోయే రాబిపెలాదో లాంటివి. కడుపులోనే పూర్తిగా పెంచి కనేవి మిగతావన్నీ: గబ్బిలం, ఆవు, మనం, ఏట్లో ఈదే పందంత ఎలుకలాంటి మన చిగ్వీరె.

అంతే, పిల్లలు గోల. "చిగ్వీరె చేప కదా టీచరమ్మా! తపస్కాలం శుక్రవారాల్లో మాంసం మానేసి అదే తింటాం!" ఒంటినిండా వెంట్రుకలున్నాయి, ఏటిగట్టున పిల్లలకు పాలిస్తుంది అన్నాను.

మధ్యాహ్నానికల్లా మా ఇంటికీ బడికీ యజమానురాలు దోన్యా పెత్రోనీలా గుమ్మంలో నిలబడింది. "పోయిన మా ఆయన కసిమీరో నలభై ఏళ్ళు ఆ శుక్రవారాల్లో అదే తిన్నాడమ్మా. చేపైతే స్వర్గంలో ఉన్నాడు. జంతువైతే ఎక్కడున్నట్టు? చెప్పు!"

మట్టల ఆదివారం పూజ తర్వాత అందరి ముందూ అది చేపేనని చెప్పాలట. లేదంటే గదీ ఉండదు, బడీ ఉండదు.

నీ దొమితిలా

తా.క. గబ్బిలం మన వర్గమే అన్నందుకు ఎవరూ కోప్పడలేదు.

కారకాస్, మార్చి 9

దొమితిలా, దేవుడు నిన్ను దీవించుగాక.

జంతువు సంగతి తర్వాత. తెల్లారేసరికి నీ వరండాలో తడికాళ్ళతో తిరిగే ఆ మనిషి ఎవడు? ఐదో వేలు ఏమైంది? పన్నెండేళ్ళు కాన్వెంటులో మా కళ్ళముందు పెంచింది ఇందుకా? గడియ వేసుకో.

నికనోరా అత్తయ్య

తా.క. వంటగది సిస్టర్ బ్రీహిదా ఆ చేపను ఎండబెట్టినవి రెండు ముక్కలు పంపమంటోంది.

కాన్యో అమార్గో, మార్చి 14

అత్తయ్యా, దీవించు.

మనిషి కాదు, చిగ్వీరె అడుగులే. ముందుకాళ్ళకు నాలుగు వేళ్ళు, వెనుకకాళ్ళకు మూడు, మధ్యలో పొర. ఆ అడుగులు రోజూ పెరట్లోంచి వచ్చి దోన్యా పెత్రోనీలా మంచం దాకా వెళ్తాయి. తిరిగి వెళ్ళిన గుర్తు ఉండదు. మంచం కింద చూశాను. ఏమీ లేదు.

ఆమెకు భయం లేదు. "మా ఆయనే. పాపం, నీ పాఠం విన్నాక ఎటు పోవాలో తెలియడం లేదు. నువ్వే ముడివేశావు, నువ్వే విప్పు" అంటూ కాఫీ పోసింది.

చేపేనని చెబితే ఆయన వెళ్ళిపోతాడేమో. కానీ పిల్లలకు అబద్ధం చెప్పినట్టవుతుంది. ఏం చేయను?

నీ దొమితిలా

తా.క. ఇవాళ అడుగులు నా గుమ్మం ముందు ఆగాయి.

కారకాస్, మార్చి 20

దొమితిలా, దేవుడు నిన్ను కాపాడుగాక.

వెనుక మూడే వేళ్ళా! అవిటివాడని జాలిపడి పెళ్ళికి మాట ఇచ్చేవు. ముందు ఇంటిపేరు కనుక్కో.

చేప సంగతా? అది చేప అని కాదు, పెద్ద గురువులు ఎప్పుడో అనుమతి ఇచ్చారని తింటున్నారు. అడిగి తిన్నవాడికి పాపమేమిటి?

నికనోరా అత్తయ్య

తా.క. ముక్కలు రాలేదు. జంతువైనా సరేనంటోంది బ్రీహిదా.

కాన్యో అమార్గో, మార్చి 29

అత్తయ్యా, దీవించు.

నిన్న పూజ తర్వాత లేచి నిలబడ్డాను. "చిగ్వీరె పాలిచ్చే జంతువే. కానీ కసిమీరో గారు అనుమతి ఉండే తిన్నారు. పాపం లేదు" అన్నాను.

దోన్యా పెత్రోనీలా బల్ల మీద తన పక్కనున్న ఖాళీ చోటు వైపు తిరిగి, "విన్నావుగా? ఇక బయలుదేరు. నేల తుడవలేక చస్తున్నాను" అంది.

గది ఉంది, బడి ఉంది. ఈ ఉదయం అడుగులు మంచం దగ్గర మొదలై పెరట్లోకి వెళ్ళాయి.

నీ దొమితిలా

తా.క. కసిమీరో గారిని పూడ్చిన పెట్టె ఖాళీది. తొమ్మిదేళ్ళ కిందట చిగ్వీరె వేటకని ఏట్లో దిగిన మనిషి పైకి రాలేదు.