వదులైన లావు తీగ

డులూత్,
అక్టోబర్ 17, 2021, ఆదివారం.

డెల్మర్‌కు రూబెన్ రాస్తున్నది.

ఇక్కడ నేనూ లోర్నా అక్కా బాగానే ఉన్నాం. అక్కడ నువ్వూ, నీ గొంతూ కులాసాగానే ఉన్నారని తలుస్తాను. ఇరవై ఏడేళ్ల తర్వాత నీ చేతిరాత చూసి సంతోషమే కలిగింది. కవరులో ఉత్తరం ఒక పేజీ, రికార్డు కంపెనీ కాగితాలు పదకొండు. రెండూ నిదానంగా చదివాను.

ముందు ఊరి కబుర్లు. మన డ్రమ్ముల హోల్గర్ పోయి ఆరేళ్లయింది, నీకు తెలిసే ఉంటుంది. అక్క ఇన్నాళ్లూ కౌంటీలో మంచు తోసే బండి నడిపి మొన్న ఏప్రిల్లో రిటైరైంది. కీళ్లవాతంతో బొటనవేళ్లు ముడులు పడ్డాయి. కాఫీ డబ్బా మూత నేనే తీసివ్వాలి, తీసిచ్చినందుకు తిట్లూ నేనే తినాలి. నేను పార్క్ పాయింట్‌లో అదే ఇంట్లో ఉన్నాను. షెడ్డులో ఆంప్లిఫయర్లు బాగుచేస్తాను. ఎవరూ నేర్పలేదు, పాడైనవే నేర్పాయి. ఓడ వచ్చినప్పుడల్లా మన వంతెన ఇంకా లేస్తూనే ఉంది. ఊళ్లో ఎవరు ఆలస్యమైనా ఇంకా "వంతెన లేచింది" అనే చెబుతారు. పళ్ల డాక్టరు దగ్గర కూడా ఆ మాట చెల్లుతుంది. ఒక్క నీ దగ్గరే ఎప్పుడూ చెల్లలేదు.

ఇక అసలు సంగతికి వస్తాను. మన రికార్డుకు ముప్పై ఏళ్లు నిండబోతున్నాయి, కంపెనీ మళ్లీ విడుదల చేస్తోంది, "వంతెన లేచింది" పాటలో గిటార్ శ్రుతి తప్పింది కాబట్టి కంప్యూటర్‌తో సరిచేస్తారు, అందుకు బతికున్న ముగ్గురి సంతకాలూ కావాలి. ఇదీ నువ్వు రాసింది. "ఒక్క లావు తీగే కదరా! నీ మంచికే చెప్తున్నా. నీ తప్పు ఇంక ఎవడికీ వినబడదు" అని కూడా రాశావు.

నేను సంతకం పెట్టను.

ఎందుకో చెప్పాలి గనక చెబుతాను. రెండో చరణంలో తీగ బిగించే మర జారుతుంది. లావు తీగ నెమ్మదిగా వదులవుతుంది. స్టూడియో ఆంప్లిఫయర్‌లో స్పీకర్ కాగితం అప్పటికే చిరిగి ఉంది కనక, వదులైన తీగ అందులోంచి తడి చెక్కని కోస్తున్నట్టు బొంగురుగా వస్తుంది. మామూలు వాళ్లయితే అక్కడ ఆపేస్తారు. ఆ చెయ్యి ఆపలేదు. జారిన తీగని పక్కకి తోసి, పైకి లాగి, పాట చివరిదాకా అట్లాగే మోసుకొచ్చింది. నువ్వు పైన పాడుతున్నది ఎవరి గురించి? లేచిన వంతెన దగ్గర కారులో ఆగిపోయి, అవతలి ఒడ్డున తన మనుషులు వెళ్లిపోవడం చూస్తున్నవాడి గురించి. అట్లాంటివాడి పాటలో తీగ నిటారుగా నిలబడుతుందా?

నేను రోజూ ఒక పుస్తకంలో రాసుకుంటానని నీకు తెలుసు. గాలి ఎటు, ఏ పెట్టె బాగుచేశాను, ఎవరొచ్చారు, అంతే. మన పాటని ఇంకెవరైనా వాయించగా వింటే అదీ రాస్తాను. ఇప్పటికి అరవై ఒకటి. విన్నిపెగ్ కుర్రాళ్లు దాన్ని రెండు నిమిషాల్లోపు ముగించేశారు, రైలు అందుకోవాలన్నట్టు. టెక్సస్‌లో ఒక కుటుంబం గిటారే లేకుండా వాయించింది, ఆ జారుడుని అకార్డియన్‌లో పట్టింది. విని షెడ్డులో నిలబడిపోయాను. సెయింట్ పాల్‌లో పెళ్లిళ్లకి వయొలిన్లు వాయించేవాళ్లు మాత్రం శ్రుతి సరిచేశారు. ఇస్త్రీ చేసిన చొక్కాలా ఉంది, లోపల మనిషి లేడు. మిగతావాళ్లు పాటని ఎట్లా మార్చినా ఆ జారుడు జోలికి పోలేదు. ముట్టుకున్నవాళ్ల పాటని ఎవరూ రెండోసారి వినలేదు.

ప్రోక్టర్‌లో మెర్ల్ బౌలింగ్ హాలు గుర్తుందా? ఏటా సెప్టెంబర్ చివరి శనివారం మధ్యాహ్నం అక్కడ జట్లన్నీ మన పాట ఒక్కటే వాయిస్తాయి. ఒకే పాట తొమ్మిదిసార్లు, పదిసార్లు. అందరికన్నా ఘోరంగా వాయించినవాళ్లకి గడ్డకట్టిన వాలై చేప బహుమతి. రెండేళ్ల క్రితం బలవంతపెడితే నేనూ ఎక్కాను. చేప నాకే ఇచ్చారు. వేయించుకుని తిన్నాం, బాగుంది.

ఈసారి క్లోకే నుంచి నోరీన్ డిఫో అనే అమ్మాయి వచ్చింది. పాతికేళ్లుంటాయి. జట్టులో తనది వేరే పని, కానీ వాళ్ల గిటార్ మనిషికి జ్వరం రావడంతో నా గిటార్ అడిగి తీసుకుని తనే ఎక్కింది. తీగలు మీటే ప్లాస్టిక్ పిక్ ఇవ్వబోతే వద్దంది. మర కొంచెం వదులు చేసి బొటనవేలితో మొదలుపెట్టింది. రెండో చరణం వచ్చేసరికి అవతల బంతులు దొర్లించేవాళ్లు కూడా ఆగిపోయారు. అయ్యాక మెర్ల్ కౌంటర్ వెనకనుంచి, "రూబెన్! నీ పాట ఈ పిల్లకి వచ్చేసిందయ్యా! ఎక్కకపోయినా ఈ ఏడు చేపా నీకే!" అని అరిచాడు. హాలంతా నవ్వింది. నేనూ నవ్వాను.

గిటార్ తిరిగిస్తూ ఆ అమ్మాయి, "పెద్దాయనా, రికార్డులో పిక్ లేదు కదూ?" అని అడిగింది.

లేదన్నాను.

"అనుకున్నా. మరి ఆ ఏడు మీరు పిక్‌తో వాయించారేంటి?"

"సిగ్గేసి" అన్నాను. హాస్యమాడుతున్నాననుకుని నా భుజం మీద ఒకటి చరిచింది.

ఇట్లాంటి ప్రశ్న నువ్వూ ఒకసారి అడిగావు. 1994 మార్చిలో, మిల్వాకీలో కచేరీ ముగిశాక, వ్యానులో. "కాలేజీ కుర్రకుంకలందరికీ వచ్చిందిరా. నీ పాట నీకే రాదేంట్రా? రికార్డు మీద వాయించినవాడివి నువ్వేనా, ఇంకెవడన్నానా?" అన్నావు. వెనక సీటులో అక్క నోరు తెరవబోయింది. నేను ఆమె మోచెయ్యి గట్టిగా పట్టుకున్నాను. మర్నాడు పొద్దున నేను బస్సెక్కి ఇంటికొచ్చేశాను. నెల తిరక్కుండా అక్కా వచ్చేసింది. నువ్వు పిలవలేదు, మేం అడగలేదు.

అప్పుడు మాట పడ్డాను, ఊరుకున్నాను. ఇప్పుడు ఊరుకోను. నా తప్పు అని నువ్వంటున్నది తప్పు కాదు. ఆ రికార్డులో నీ మాటలకన్నా, హోల్గర్ దెబ్బకన్నా నిజమైనది అదొక్కటే. ఇంత పొగరుగా నేనెప్పుడూ మాట్లాడి ఉండను. మాట్లాడాల్సినప్పుడు మాట్లాడలేదు గనక ఇప్పుడు కలిపి మాట్లాడుతున్నాను.

కంపెనీ వాళ్లు ఎంత మంచివాళ్లో, వాళ్ల కంప్యూటర్ ఎంత గొప్పదో నాకు చెప్పకు. కాగితాలు సంతకం లేకుండానే దీనితోపాటు పంపిస్తున్నాను. మళ్లీ పంపితే మళ్లీ తిప్పి పంపుతాను. స్టాంపులు చాలా ఉన్నాయి.

నీ ఇంట్లో అందరినీ అడిగానని చెప్పు.

ఇట్లు,
రూబెన్ సాలో.

తా.క. కవరు అంటించబోయి ఆగాను. 1991 నవంబర్ 9, శనివారం నా పుస్తకంలో ఉన్నది ఎత్తి రాస్తున్నాను: "కారుని మంచులోంచి తవ్వడానికి గంట. 10:40కి వంతెన లేచింది. హాలోవీన్ తుపానుకి బయట ఆగిన ఓడలు, వరసగా మూడు. స్టూడియోకి చేరింది 12:05. అయిపోయింది."

ఆ రోజు స్టూడియో మనకి ఇచ్చింది పన్నెండు దాకానే. నీకు ఆ పొద్దున గొంతు పట్టేసి రాలేదు, నువ్వు పాడింది మర్నాడు, దొరికిన ఒక్క గంటలో. ఇంకొక్కసారి ఆలస్యమైతే నన్ను తీసేస్తానని నువ్వు అంతకు ముందు వారమే అన్నావు. నా గిటార్ నాతోపాటే వంతెనకి ఇవతల ఉంది. అప్పుడు లోర్నా తన బేస్ గిటార్ పక్కన పెట్టి, స్టూడియో మూలన పడున్న మర అరిగిన గిటార్ తీసుకుని, నేను వచ్చి మళ్లీ వాయిస్తానన్న నమ్మకంతో, హోల్గర్ డ్రమ్ములతో కలిసి ఒక్కసారి వాయించింది. పిక్ లేదు, బేస్ వాయించే బొటనవేలే. మళ్లీ వాయించడానికి టైము దొరకలేదు. "వాడికి చెప్పావో, నిన్ను తీసేస్తాడు. నువ్వు పోతే నేనూ పోతా. నోర్మూసుకో" అంది అక్క. హోల్గర్ చివరిదాకా నోరు విప్పలేదు.

తర్వాత పత్రికలు నా చేతిని పొగిడాయి. ముప్పై ఏళ్లలో నేను వాయించానని ఎక్కడా అనలేదు. కాదని కూడా అనలేదు. ఆ రెండోదే నా తప్పు, దాన్ని ఏ కంప్యూటరూ సరిచేయలేదు. బొటనవేలితో వాయించడం నేనూ నేర్చుకున్నాను. కానీ స్టేజి మీద అక్క పక్కన నిలబడి ఉండగా, ఆమె చేతిని ఆమె ముందే నటించలేకపోయాను. అందుకే నా పాట నాకు రాలేదు.

మొన్న నోరీన్ పోతూ పోతూ ఇంకో మాట అంది. "అది గిటార్ వాళ్ల చెయ్యి కాదండీ, మా బేస్ వాళ్ల చెయ్యి. ఎవరామె?" ఆమె అని ఎట్లా తెలిసిందో అడగలేదు. ముప్పై ఏళ్లకి ఒక్కరు సరిగ్గా అడిగారు.

ఈ పొద్దున అక్కకి ఇదంతా రాస్తున్నానని చెప్పాను. "ఇన్నాళ్లు ఊరుకున్నావుగా, ఇప్పుడేం పుట్టిందిరా?" అంది. ఊరుకున్నందుకే అన్నాను. కంపెనీ కాగితాల్లో పదకొండోది కాఫీ కప్పు కిందనుంచి తీసి నా ముందుకు తోసింది. "నువ్వు ఏం రాస్తే దాని కింద నేనూ గీకుతా. పెన్ను మూత తీసివ్వు" అంది.

సంతకం లేదని పైన రాశాను. ఇప్పుడు రెండున్నాయి. పదకొండో పేజీ వెనక చూడు. "గిటార్: లోర్నా సాలో. శ్రుతి ముట్టుకోకూడదు." దాని కిందే పెట్టాం. ఇంక దేని కిందా పెట్టం.

ఆ పాట లేచిన వంతెన దగ్గర ఆగిపోయినవాడి గురించి రాశావు. స్టూడియోలో దాన్ని వాయిస్తున్నంతసేపూ నేను కారులో కూర్చుని మూడో ఓడ ఎప్పుడు దాటుతుందా అని చూస్తున్నాను. పాట నా గురించే, డెల్మర్. వాయించింది మా అక్క.