నాలుగో మాట

మర్పల్లి మండలం
భస్మ బుధవారం మరునాడు

ప్రియమైన తమ్ముడు ఇమ్మానుయేలుకు,

పొద్దున చలి ఇంకా పోలే. పగలు మాత్రం ఎండ చుర్రుమంటున్నది. సంఘం మాకిచ్చిన అరెకరంల శనగ పీకుడు నిన్నటితోని అయిపోయింది. ఇవాళ కట్టెలతోని కొట్టి తూర్పార పట్టినం. శనగ పులుపుకు వేళ్లు మండుతున్నయ్. అక్షరాలు వంకర పోతే తిట్టకు.

ఫోన్ల మాట్లాడితే నువ్వు నన్ను నవ్విస్తవ్, లేకుంటే నేను కోపంతోని పెట్టేస్త. అందుకే కాయితం మీద రాస్తున్న.

పరిగిల పెండ్లి బంతిల కూసోని నువ్వన్న మాట ఈడిదాక వచ్చింది. ఏసయ్య మరియమ్మ కడుపుల పడకముందు ఎక్కడ లేడని, దేవుడు ఏర్పరుచుకున్న మనిషే గని దేవుడు కాదని అన్నవట. మా సంఘపెద్ద ఎంకయ్య మొన్న వచ్చి అరుగు మీద కూసున్నడు. చాయ ఇస్తే తాగలే.

"పాస్టరమ్మా, మీ తమ్ముడు తాండూరుల రాళ్లకు పాలిష్ పెడుతుండనుకున్న. ఏసయ్యను గూడ గీకుతుండట గద" అన్నడు.

నేను నవ్విన. ఆయన నవ్వలే. "ఇల్లు సంఘంది బిడ్డా. ఇంట్ల ఏం మాట నడుస్తున్నదో మేం చూసుకోవాలె" అని లేచిపోయిండు.

మాకు ముందున్న పాస్టరు ఎట్ల పోయిండో నీకెరుకే. సామాను బయట పెట్టి తాళమేసిన్రు. మీ బావ శాంతయ్యకు పాస్టరు పని తప్ప వేరే పని రాదు. నాకు ఇంకో ఇల్లు లేదు.

అందుకే ఒక పని చేసిన. శుభ శుక్రవారం నాడు ఏసయ్య సిలువ మీద అన్న ఏడు మాటల మీద వాక్యం చెప్పుడు ఏడుగురికి పంచుతరు గద. నాలుగోది, నన్నెందుకు విడిచినవని తండ్రిని అడిగిన మాట, ఎవ్వరు ముట్టరు. ఏటేట మీ బావే చెప్తడు. ఈసారి నీకిప్పించిన. అందరి ముందు నిలబడి సంఘం నమ్మినట్టే చెప్పి దిగు. ఎంకయ్య నోరు మూతపడ్తది.

నీ మనసుల ఉన్న అనుమానాలు రాసి పంపు. మీ బావకు చూపిస్త. చదువుకున్నోడు, జవాబు చెప్తడు.

ప్రార్థనల నిన్ను మరువని
నీ అక్క నిరోషా


తాండూరు
మార్చి మొదటివారం

ప్రియమైన అక్కకు,

ఈడ బోరు ఎండింది. నీళ్లు లేక పాలిష్ మిషన్ సగం పూటే నడుస్తున్నది. అందుకే రాసేంత తీరిక దొరికింది.

ఎంకయ్య మామ మాటకు మస్తు నవ్విన. ఏసయ్యను గీకేంత పనోన్ని కాదని చెప్పు.

అనుమానాలు అడిగినవ్ గద. సగం నావి కావు. మా గోదాం మీది గదిల మల్లేశ్వర్ అని ఒకాయన ఉంటడు. సేడం దిక్కు మనిషి. తెలుగుల మొదలుపెట్టి కన్నడంల ముగిస్తడు. ఆదివారం సాయంత్రం కొంతమందిమి ఆయన దగ్గర కూసుంటం. ఆయన అడుగుతడు: ఏసయ్య లోకం పుట్టకముందే ఉన్నోడైతే, చిన్నప్పుడు గుడిల పెద్దల నడుమ కూసోని నేర్చుకునుడేంది? కడపటి దినం ఎప్పుడో తనకు తెల్వదు, తండ్రికే తెలుసన్నడు. దేవునికి తెల్వనిది ఉంటదా? పట్టుకపోయే ముందు తోటల చెమట కారంగ మొక్కింది ఎవరికి? ఇగ నువ్వు నాకిప్పించిన నాలుగో మాట. తనే దేవుడైతే తనను విడిచింది ఎవరు?

నాకైతే గిట్ల అనిపిస్తదక్కా. ముందునుంచే దేవుడైనోడు చచ్చుడు నాటకం లెక్క ఉంటది. మనలాంటోడు భయపడుకుంట గూడ పోయి చచ్చిండంటే, అది ధైర్యం.

బావను అడుగు. జవాబు చెప్తే నేను నోరు మూసుకుంట. చెప్పకపోతే ఈస్టరు నాడు నాకొక కోడిని కోయాలె.

నీ అల్లరి తమ్ముడు
ఇమ్మానుయేలు


మర్పల్లి మండలం
మార్చి నడుమ

ప్రియమైన తమ్మికి,

నీ కాయితం మీ బావకు చదివి వినిపించిన. మొదట నవ్విండు. "పాస్టర్ల బడిల మేం గూడ గిట్లనే అడిగేటోళ్లం" అన్నడు. జవాబు చెప్పిండు. లోకాన్ని చేసిన మాటే మనిషై వచ్చిందని యోహాను అంటడట. అబ్రాహాముకంటె ముందే తనున్నడని ఏసయ్య తన నోటితోనే అన్నడట. దేవునితోని సమానమైన చోటు విడిచి దాసుడై దిగొచ్చిండని పౌలు చెప్పిండట. నిజంగ దిగొచ్చినోడు కాబట్టే ఆకలి పడ్డడు, నేర్చుకున్నడు, భయపడ్డడు. దాంట్ల నాటకం లేదన్నడు.

నాకు సరిపోయింది. నీకు గూడ సరిపోవాలె.

అంత చెప్పినంక ఆయన నీ కాయితం అడిగి తీసుకున్నడు. మళ్ల ఇయ్యలే. చేన్ల గూడ చదువుతున్నడు. అన్నం కాడ ఒకనాడు అడిగిండు: "నిరోషా, దిగొచ్చేటప్పుడు తెలివి గూడ విడిచిపెట్టి వచ్చిండంటే, వచ్చింది ఆయనేనా?" నేను పప్పు పోసి "తినుండ్రి" అన్న.

ఈస్టరుకు ముందటి శ్రమదినాల కూటాలు ఇంటింటికి నడుస్తున్నయ్. బీరమ్మ ఇంట్ల మీ బావ ప్రార్థన ముగించేటప్పుడు ఏసయ్యను దేవా అని పిలిచే కాడ ఆగిండు. నీళ్లు తాగి ఆమెన్ అన్నడు. బయటికొస్తుంటే బీరమ్మ నా కొంగు పట్టింది. "పాస్టరయ్యకు షుగరుందా బిడ్డా? నోరు ఎండుతున్నది" అన్నది. ఎంకయ్య చెప్పులేసుకుంట ఆగి విన్నడు.

నువ్వు ఒప్పుకున్ననని రాయి. అబద్ధమైనా సరే. ఆయన చదివేటట్టు పెద్దక్షరాలతోని రాయి.

ఫికర్ తోని
నీ అక్క


తాండూరు
మార్చి చివర

ప్రియమైన అక్కకు, బావకు,

నేను ఒప్పుకున్న. బావ జవాబు నాకు నచ్చింది. మల్లేశ్వర్ గది ఖాళీ చేసి పోయిండు. కూటం ఆగింది. ఇగ వాదం లేదు.

మీ ఇమ్మానుయేలు

అక్కా, ఈ రెండో కాయితం నీకొక్కదానికే. బావ మంగళవారం ఈడికొచ్చిండు. నీకు చెప్పిండా? పాలిష్ పెట్టిన బండల మీద ఎండల కూసున్నడు. నీడకు రమ్మంటే రాలే. మల్లేశ్వర్ది సేడం దిక్కు ఏ ఊరని అడిగిండు. తెల్వదన్న.

"నువ్వు నిజంగ నమ్మి రాసినవా ఇమ్మానుయేలూ?" అన్నడు.

"ఏదో వాదానికి బావా" అని నవ్విన.

బండ మీదికెల్లి లేచిండు. "నీకు వాదమే" అన్నడు. అన్నం పెట్టిస్తనంటే వద్దని స్టేషన్ దిక్కు పోయిండు.

నాకు జర భయమైతున్నది. నాలుగో మాట నాకొద్దు. వేరేటోళ్లకు ఇయ్యిండ్రి.


మర్పల్లి మండలం
మట్టల ఆదివారం సాయంత్రం

ప్రియమైన తమ్మీ,

మంగళవారం మీ బావ వికారాబాద్ల పాస్టర్ల కూటమని నాకు చెప్పి పోయిండు. తాండూరు మాట నేనడగలే, ఆయన చెప్పలే.

ఎంకయ్య, ఇంకిద్దరు పెద్దమనుషులు వికారాబాద్ పోయి పెద్ద పాస్టర్ను కలిసొచ్చిన్రు. నీ గురించే అని ఊరంత అనుకుంటున్నది. ఇప్పుడు నువ్వు రాకుంటే ఆ మాట నిజమనుకుంటరు. రా. గీత దాటకు.

ఆడోళ్లం సమాధులకు సున్నం ఏస్తున్నం. ఈస్టరు పొద్దున ఆరాధన ఆడనే గద. మీ బావ వచ్చి నీళ్ల బకెట్లు మోసిండు.

ఎదురుచూసే
నిరోషా


మర్పల్లి మండలం
ఈస్టరు తరువాతి బుధవారం

ప్రియమైన తమ్మీ,

శుక్రవారం నువ్వు బాగ చెప్పినవ్. మన పాపాలు మోసినందుకు తండ్రి మొఖం తిప్పుకున్నడని, ఇద్దరొక్కటే గనుక ఇద్దరికీ నొప్పైందని చెప్తుంటే ఆడోళ్లు ఏడ్చిన్రు. ఎంకయ్య నిన్ను కౌగిలించుకున్నడు. ఇగ గండం పోయిందనుకున్న. నువ్వు గూడ అట్లనే అనుకోని సాయంత్రం బండెక్కినవ్.

ఈస్టరు నాడు కొవ్వొత్తులు పట్టుకోని సమాధుల కాడికి పోయినం. పాటలైనయ్. అందరం నిలబడి విశ్వాస ప్రమాణం మొదలుపెట్టినం. మీ బావ ముందు చెప్తుంటే మేం ఎంబడి చెప్తున్నం. కుమారుడు లోకాలకంటె ముందే ఉన్నడనే కాడికి వచ్చి ఆగిండు. దగ్గు అనుకున్న.

"ఈ మాట నేను చెప్పలేను. నమ్మితే చెప్తుంటి. మీరు చెప్పుకోండ్రి" అన్నడు.

మైనం అందరి చేతుల మీద కారుతున్నది. ఎనకనుంచి ముసలి భాగమ్మ ఒక్కతే ఆ మాట ఎత్తుకోని చివరిదాక చెప్పింది. అందరం ఆమె ఎంబడి చెప్పినం. నేను గూడ చెప్పిన. ఆయన నా నోటి దిక్కు చూసుకుంట నిలబడ్డడు.

మధ్యాహ్నం పెద్దమనుషులు కూసున్నరు. ఎంకయ్య నాతోని అన్నడు: "మేం వికారాబాద్ పోయింది మీ తమ్ముని కోసం కాదు బిడ్డా. బీరమ్మ ఇంటి కాడనే నాకు పాస్టరయ్య సంగతి తెలిసింది. పెద్ద పాస్టరు వచ్చి నచ్చజెప్తే అయిపోతదనుకున్న. ఆయన వచ్చేలోపే గిట్లైంది."

మీ బావను మాట వాపసు తీసుకోమన్నరు. లేకుంటే పొమ్మన్నరు. నన్ను మాత్రం కొత్త పాస్టరు వచ్చేదాక ఇంట్లనే ఉండి ఆడోళ్ల ప్రార్థన నడపమన్నరు.

ఇంటికొచ్చినంక నేను అడిగిన. "ఒక్కసారి నోటితోని అనుండ్రి. నాకోసం. నేను అడిగితే తమ్ముడు అనలేదా?"

"అన్నడు" అన్నడు. "మొన్న గుడిల విన్న. నాకట్ల చేతగాదు."

"ఎన్నేండ్ల సంది చెప్తున్నరు గదా, అప్పుడు చేతనైందా?"

"అప్పుడు నమ్మిన."

సంచిల బట్టలు పెట్టుకుంట, "నువ్వొస్తవా?" అన్నడు. నేను నమ్మినదాన్ని విడిచి రాలేనన్న. "విడవమంటలేను, రమ్మంటున్న" అన్నడు. ప్రార్థనల ఒకరు దేవా అని పిలిచినోన్ని ఇంకొకరు పిలువని ఇంట్ల ఉండుడు నాకు తెల్వదని చెప్పిన. సరే అన్నడు. కోపం చేయలే. చేస్తే బాగుండేది.

నీకు నాలుగో మాట ఇప్పించింది నేను. అనుమానాలు రాయమన్నది నేను. ఆయన చేతుల పెట్టింది నేను. నిన్ను ఏమంటలేను. నీ దగ్గరికొస్తే అన్నం పెట్టు. నవ్వకు.

ఆదివారం కూటానికి ఆడోళ్లు నన్ను వాక్యం చెప్పమన్నరు. ఒప్పుకున్న.

ఆయన నిన్న పొద్దున ఏడు గంటల వికారాబాద్ బస్సుకు పోయిండు. బస్సు దాక ఎంకయ్య పోయిండు. నేను పోలే.

నిరోషా