బి-14 గోడ తడి ఎవరిదో రాసి ఇప్పించడం గురించి

రాయగడ,
19 నవంబరు 1998.

శ్రీయుత ఎస్టేట్ ఆఫీసరు గారి సముఖమునకు,
నాగావళి అట్టల మిల్లు, స్టాఫ్ క్వార్టర్ల విభాగం.

అయ్యా,

విషయం: ఫిర్యాదుల రిజిస్టరులో 212వ నంబరు నమోదును రద్దుచేసి, సదరు రద్దును తెలుగులో, పెద్ద అక్షరాలతో, గుండ్రం సీలు వేసి ఇప్పించుట గురించి.

మిల్లు టపా సెక్షనులో పదకొండేళ్లుగా గుమాస్తాగా పనిచేయుచున్న కె. జయరాజు అను నేను వినయపూర్వకంగా మనవి చేసుకొనునదేమనగా, ఇదే విషయమై ఇదివరకు ఇంగ్లీషులో మూడు అర్జీలు పెట్టుకున్నాను. మూడింటికీ ‘నోటెడ్’ అని జవాబు వచ్చింది. ఆ జవాబులను టపా రిజిస్టరులో ఎక్కించి, సంతకం తీసుకుని, నాకు నేనే అందజేసుకున్నాను. తమరు సెప్టెంబరు నెలాఖరున కొత్తగా వచ్చారనీ, తమది బొబ్బిలి వైపు అనీ తెలిసి ఈసారి తెలుగులో రాస్తున్నాను. కింది సంగతులు ఇంగ్లీషులో రాయడం నాకు చేతకాలేదు.

1. బి-14 కింది అంతస్తు క్వార్టరులో నేను, మిల్లు ఆస్పత్రిలో నర్సుగా ఉన్న నా భార్య దేవమణి, మా ఒక్కగానొక్క కూతురు దొర్కా నివాసముంటున్నాము. వెనక గదిలో తూర్పు గోడ పక్కన చాప వేసుకుని దొర్కా పడుకునేది. 1997 జూలైలో జ్వరం వచ్చి ఆ పిల్ల ఒకరోజు పక్క తడిపింది. అప్పటికి ఎనిమిదేళ్లు. తడిపింది ఒక్కరోజే. రికార్డు కొరకు ఒప్పుకుంటున్నాను.

2. ఆగస్టు నుంచి ఆ గదిలో ముక్క వాసన పట్టుకుంది. తెల్లవారి చూస్తే చాప అంచు, బొంత, పిల్ల గౌను తడిగా ఉండేవి. కింద నుంచి తడిసిందా, పైనుంచి తడిసిందా అని చూసినవాళ్లం కాము. జూలైలో ఒకసారి జరిగింది గనుక ఇంకో కారణం వెతికే శ్రమ పెట్టుకోలేదు. నర్సు ఇల్లు గనుక దేవమణి గదంతా ఫినాయిలు పోసి కడిగేది. ఆ ఫినాయిలు ఘాటులో ఏది ఏ వాసనో తేల్చడం ఎవరి తరమూ కాలేదు. బొంతను ఎండలో వేద్దామంటే రాయగడ వానల్లో ఎండ ఎక్కడిది. సాయంత్రం నాలుగు దాటాక పిల్లకు నీళ్లు ఇవ్వకూడదని దేవమణి నియమం పెట్టింది. ఆస్పత్రిలో మంచానికి తగిలించే చార్టులాంటిది తయారుచేసి తలుపు వెనక అంటించింది. తడి ఉన్న రోజున ఎర్ర గీత పడాలి. నేను అభ్యంతరం చెప్పలేదు. గీతలు గీసింది నేనే.

3. 1998 జనవరిలో గోడ సున్నం పొంగి రాలుతుండగా ఫిర్యాదు చేసుకున్నాను. సూపర్వైజరు సుందరరావు గారు వచ్చి గుమ్మంలోనే నిలబడి, ఈ వాసన ఏమిటని అడిగారు. దేవమణి అప్పుడే డ్యూటీ దిగి వచ్చి ఉంది. “ఏటి సెప్పమంటారు బాబూ, మా అమ్మి పక్క తడుపుతాది. ఎంత కడిగినా ఇంతే” అని చెప్పింది. ఆయన గోడ మీద చెయ్యి పెట్టలేదు. 212వ నంబరు కింద ఇంగ్లీషులో, ‘నివాసి బిడ్డ అలవాటు వలన తడి. చర్య అవసరం లేదు’ అని రాసి, నకలుకు సీలు వేయించి పంపించారు. ఆయన మీద నాకు ఫిర్యాదు లేదు. గోడలకు చెవులుంటాయంటారు గానీ, నోరుంటే ఆ రోజు మా గోడే చెప్పుకునేది.

ఆ నకలు దొర్కా చేతికి అందింది. “నాన్నా, ఇందులో నా పేరుందా?” అని అడిగింది. నేను తెలుగులో అర్థం చెప్పాను. సిగ్గు వస్తే మానుతుందనుకున్నాను. “ఆఫీసోల్లకి కూడా తెలిసిపోయింది, సూసేవా” అన్నాను. ఆ గుండ్రటిది ఏమిటని అడిగింది. “సీలు. అది పడ్డాక ఇంక మారదు” అని చెప్పాను. టపా గుమాస్తాను గనుక గట్టిగానే చెప్పాను.

4. ఆ తరువాత పిల్ల కాగితంలో ఉన్నదే నిజమని నమ్మింది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు అని సామెత. దొంగతనం చేయని పిల్ల చేత మేమే భుజాలు తడిమించాం. ఆదివారం ప్రార్థనలో కళ్లు మూసుకుని, తనకు ఈ అలవాటు పోగొట్టమని పైకే అడిగేది. జూన్‌లో కొరాపుట్‌లో ఆడపిల్లల హాస్టలులో చేర్చాము. క్రమశిక్షణ వస్తే మానుతుందని నా అభిప్రాయం.

5. పిల్ల వెళ్లి ఇరవై రోజులు గడిచాయి. వాసన మాత్రం వెళ్లలేదు.

ముందు ఎలుక చచ్చిందేమోనని బీరువా జరిపాను. తరువాత బియ్యం డబ్బా, పాత బూట్లు, ట్రంకుపెట్టె ఒక్కొక్కటిగా బయట పెట్టి చూశాను. మిల్లులో అందరూ “కొండ వానలు, చెమ్మ మామూలే” అన్నారు. చివరికి పాత న్యూస్‌పేపర్లు ఏడు తీసి, నంబర్లు వేసి, పడుకునే ముందు నేల మీద వరసగా పరిచాను. తెల్లవారి అయిదు గంటలకు నీళ్లు వదులుతారు. అయిదున్నరకు చూస్తే గోడ వారనున్న 3, 4 నంబర్లు తడిశాయి. రోజూ అవే. ఆగస్టులో మిల్లు పంపు చెడిపోయి నాలుగు రోజులు నీళ్లు రాలేదు. ఆ నాలుగు రోజులూ ఏడు కాగితాలూ పొడిగా ఉన్నాయి. పంపు బాగైన మర్నాడు మళ్లీ 3, 4 తడిశాయి.

ఆదివారం సెలవులో ప్లంబరు అసిరయ్యను తీసుకొచ్చాను. అతను గోడకు చెవి ఆనించి, “లోన నీలెల్తన్నాయి బాబూ. ఇటు వచ్చి నువ్వూ ఇను” అన్నాడు. విన్నాను. సున్నం ఉలితో కొట్టాడు. పై క్వార్టరు ట్యాంకుకు వెళ్లే ఇనుప పైపు జాయింటు దగ్గర పగిలి ఉంది. దాని మీద ఎవరో ఎప్పుడో సైకిల్ ట్యూబు చుట్టి, తీగతో బిగించి, పైన సిమెంటు పూసేశారు. “ఇది ఇప్పటి పని కాదు బాబూ. ఏల్లయింది. నీల్లు ఒదిలినప్పుడల్లా కారుతాది, తరవాత ఆగిపోతాది” అన్నాడు.

నాకు ఏమీ అనిపించలేదు. సోమవారం ఎనిమిదింటికి డ్యూటీకి వెళ్లి, ఆ రోజు టపా అంతా తప్పు లేకుండా ఎక్కించాను. దేవమణి వెళ్లలేదు. ఆ గోడకు ఎదురుగా కూర్చుండిపోయింది. నేను తిరిగి వచ్చేసరికి తలుపు వెనక చార్టు లేదు. ఏం చేసిందో అడగలేదు.

6. సెప్టెంబరు 3వ తేదీన ఆఫీసు వారు పైపు మార్చారు. 287వ నంబరు కింద ‘పైపు మార్చబడినది’ అని రాశారు. కృతజ్ఞుడను. అయితే 212 అలాగే ఉన్నది. ముగిసిన నమోదును తిరగదోడే పద్ధతి లేదని సెక్షనులో చెప్పారు. పద్ధతి సంగతి నాకూ తెలుసును.

7. అక్టోబరులో హాస్టలు వార్డెనమ్మ గారు ఉత్తరం రాశారు. దొర్కా డ్రిల్లులో కళ్లు తిరిగి పడిపోయినదనీ, ఒంట్లో నీళ్లు చాలక మూత్రపిండాలకు ఇన్ఫెక్షను వచ్చినదనీ, రోజంతా నీళ్లు తాగకపోతే ప్రమాదమని డాక్టరు గారు అన్నారనీ, పిల్ల మాత్రం నాలుగు దాటితే చుక్క ముట్టడం లేదనీ సారాంశం. చూడనిచ్చే ఆదివారం మేమిద్దరం వెళ్లాము.

“గోడలో పైపు కారింది అమ్మీ. నీ తప్పు కాదు” అని చెప్పాను.

“నన్ను ఊరుకోబెట్టడానికి సెప్తన్నావు నాన్నా. కాగితంలో అలాగ లేదు కదా” అంది.

సైకిల్ ట్యూబు ముక్క జేబులోంచి తీసి చూపించాను. తీసుకుని చూసి, తిరిగి ఇచ్చేసి, చేతులు కడుక్కుంది. “ఇక్కడ నేను నీల్లు తాగట్లేదు. అందుకే చాప పొడిగా ఉంటంది” అని మెల్లిగా చెప్పింది. దేవమణి గ్లాసులో నీళ్లు పోసి చేతికిస్తే, అమ్మ ఇచ్చింది గదా అని కాసేపు పట్టుకుని కింద పెట్టేసింది. అప్పుడు టైము నాలుగుంపావు.

కావున తమరు దయతలచి 212వ నంబరు కొట్టివేయించి, ఈ కింది మాటలు రాయించి ఇప్పించ ప్రార్థన:

‘బి-14 గోడ తడికి కారణం గోడలో పగిలిన పైపు. కుమారి దొర్కా కారణం కాదు. ఇంతకుముందు రాసినది పొరపాటు. కుమారి దొర్కా ఎప్పుడైనా నీళ్లు తాగవచ్చును.’

చివరి వాక్యం ఎస్టేట్ ఆఫీసు అధికారంలోనిది కాదని ఎరుగుదును. అయినా ఉండనివ్వవలసినది. సీలు మొదటి నకలు మీద పడినదే కావలెను, వేరేది వద్దు. సిరా అలుక్కుపోకుండా వేయించవలెను. ఈ నెల పిల్లను చూడనిచ్చేది 22వ తేదీ ఆదివారం. బస్సు పొద్దున్న ఆరింటికి. గనుక శనివారం ఆఫీసు మూసేలోగా కాగితం అందితే చాలును. తీసుకోవడానికి నేను కౌంటరు దగ్గరే ఉంటాను.

ఇది చిత్తగించవలెను. చిత్తగించి ‘నోటెడ్’ అని ఊరుకోవద్దని వేరే మనవి.

తమ విధేయుడు,
కె. జయరాజు,
టపా గుమాస్తా, బి-14.

తా.క.: ఈ అర్జీ దేవమణికి చదివి వినిపించాను. “పైపని రాసేవు, సుందరరావు గారని రాసేవు. అంతా సరే. మనం దాన్ని అడిగేమా?” అంది. ఏం అడగాలన్నాను. ఆ ఏడాదంతా మేము దొర్కాను “మళ్లీ తడిపేవా?” అని అడిగాము. “తడిపింది నువ్వేనా?” అని ఒక్కరోజూ అడగలేదు. సీలు పడకముందు అడిగి ఉంటే కాదనే చెప్పేది. దీన్ని ఎన్నో నంబరు కింద వేయాలో తెలియక సంతకం కింద రాశాను.