మామగారు శత్రువు కాలేరు

అల్లుడుగారికి, మామయ్య ఆశీస్సులు.

నిన్న, మంగళవారం ఉదయం పదకొండు గంటల ఇరవై నిమిషాలకు, నేను మీ విద్యుత్ కేంద్రం కంట్రోల్ రూములో పెద్ద స్విచ్‌బోర్డు పక్కన ‘బాంబు’ అని రాసిన అట్టపెట్టె పెట్టి క్షేమంగా ఇంటికి చేరాను. ఇంతవరకు నన్ను ఎవరూ పట్టుకోలేదు. ఇక మామూలు మనిషిని అయిపోవచ్చా, ఇంకా శత్రువుగానే ఉండాలా తెలియక మీ అత్తగారు కంగారు పడుతోంది.

ఫోనులో మాట్లాడితే అసలు శత్రువు వింటాడని మీరు అన్నారు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను. భద్రతా వారం మాక్ డ్రిల్లులో శత్రువు వేషానికి నన్ను ఎంచుకున్నందుకు సంతోషం. బస్ డిపోలో కంట్రోలరుగా రిటైరయ్యాక నాకు ఎవరూ ఏ పనీ చెప్పలేదు.

ఎలాగైనా సరే లోపలికి రమ్మన్నారు. నాకు ఎత్తులు, జిత్తులు రావు. మొదటి గేటు దగ్గర గార్డు ఆపితే, మీ భద్రతాధికారి మామగారిని అని ఉన్నమాటే చెప్పాను. ఆవిడ మెత్తబడలేదు. పాసేది అంది. లేదన్నాను. అయితే అక్కడే నిలబడమని, పెట్టెలో ఏముందని నిలదీసింది. ఈలోగా షిఫ్టు సూపర్‌వైజరు పరుగెత్తుకొచ్చాడు. “సారు మామగారిని ఎండలో నిలబెడతావా? ఉద్యోగం చెయ్యాలని లేదా నీకు?” అని ఆవిడ మీద విరుచుకుపడి, పెట్టె నా చేతిలోంచి లాక్కుని తనే మోశాడు. దారిలో దాని మీద రాసింది చదివి మర్యాదగా నవ్వాడు. కంట్రోల్ రూములో కుర్చీ వేశారు, టీ ఇచ్చారు. ఏ స్విచ్చి దేనిదో అడగకుండానే చూపించారు.

పెట్టె వెనక్కి తెచ్చుకోవాలో, అక్కడే ఉండనివ్వాలో తెలియజేయండి.

ఇట్లు,
మీ మామయ్య

తా.క.: టీలో చక్కెర తక్కువైంది. శత్రువుకి అడిగే హక్కు ఉంటుందో లేదోనని ఊరుకున్నాను.

*

పూజ్యులైన మామయ్యగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం చదివాక నా సగం ప్రాణం పోయింది. మీరు రావలసింది రెండో గేటుకు. అక్కడ డైరెక్టరుగారు, ఫొటోగ్రాఫరు, తుపాకులు పట్టుకున్న బలగం మీకోసం మధ్యాహ్నం దాకా కాచుకుని ఉన్నారు. శత్రువును గేటు దగ్గరే పట్టుకున్నామన్న నివేదిక ముందురోజే టైపు చేయించాను. అసలు ఈ వేషానికి మిమ్మల్ని ఎంచుకున్నదే అందుకు. మీరు పట్టుబడతారని నాకు గట్టి నమ్మకం.

మీరు రాకపోయేసరికి, సైకిలు మీద పోతున్న మీటర్ రీడరును పట్టుకుని ఫొటోలు దిగాం. పాపం బాగా సహకరించాడు. మా కేంద్రానికి నూటికి నూరు మార్కులు వచ్చాయి. దేశ భద్రతకు సంబంధించిన విషయం కాబట్టి దయచేసి అర్థం చేసుకోండి: మీరు రాలేదు, పెట్టె తేలేదు, టీ తాగలేదు.

పెట్టె సంగతి సూపర్‌వైజరును ఫోనులో అడిగాను. సారు వస్తువు కదా అని కంట్రోల్ రూము బీరువాలో పెట్టి తాళం వేశాడట. తాళంచెవి జేబులో వేసుకుని పెళ్లికి ఊరెళ్లాడు. వచ్చాక తీయిస్తాను.

ఒక్క విషయం వివరంగా రాయండి. గేటు దగ్గర ఆ గార్డు ఎవరు? ఎలా ఉంటుంది? ఆవిడతో పని ఉంది.

మీ విధేయుడు,
అల్లుడు

తా.క.: పెట్టె ఖాళీదే కదా?

*

అల్లుడుగారికి, ఆశీస్సులు.

పెట్టె ఖాళీది కాదు. అచ్చం నిజంలా ఉండాలన్నారు కాబట్టి మా పాత బ్యాటరీ అలారం గడియారం పెట్టాను. సాయంత్రం ఆరింటికి మోగుతుంది. అది నా మాత్రల వేళ. గడియారం లేక మాత్రలు మరిచిపోతున్నాను.

గార్డు గురించి మీరు అడగడం నాకు ఎంతో నచ్చింది. మంచి అధికారి మంచి మనిషిని ఇలాగే గుర్తుపడతాడు. ఆవిడకు నలభై అయిదేళ్లు ఉండవచ్చు. పొట్టి మనిషి, కళ్లజోడు. ఎవరొచ్చినా పాసేది అంటుందట, అందుకని మీ వాళ్లు పాసమ్మ అని పేరు పెట్టారు. కాంట్రాక్టు ఉద్యోగం. వచ్చే నెల పర్మనెంటు చేస్తారని ఎదురుచూస్తోందట. మీ కేంద్రం మొత్తం మీద నన్ను అనుమానించిన మనిషి ఆవిడ ఒక్కతే. ఆవిడ పేరు పైకి తప్పకుండా రాయండి.

వచ్చే దారిలో జనరేటరు గది చూశాను. కరెంటు పోతే ఊరినంతా కాపాడేది అదేనని సూపర్‌వైజరు గర్వంగా చెప్పాడు. లోపల మీటింగుల కుర్చీలు నేల నుంచి పైకప్పు దాకా పేర్చి ఉన్నాయి. జనరేటరు ఎక్కడుందని అడిగితే, కుర్చీల వెనక ఉండాలి అన్నాడు.

ఇట్లు,
మామయ్య

తా.క.: కంప్యూటరు తెరకు పసుపు చీటీ మీద పాస్‌వర్డు అంటించి ఉంది. అది మా అమ్మాయి పుట్టినరోజు. ఈ ఏడాది కూడా మీరు మరిచిపోయారని అమ్మాయి ఏడిస్తే, లేదమ్మా, ఆయన ఆఫీసులో అందరూ రోజూ తలుచుకుంటున్నారని చెప్పాను.

*

మామయ్యగారికి నమస్కారాలు.

కొంప మునిగింది. నూటికి నూరు ఎలా వచ్చాయో చూసి వెళ్దామని రాజధాని నుంచి బృందం దిగింది. సరిగ్గా ఆరింటికి బీరువా మోగింది. మా సిబ్బంది లేచి సంచులు సర్దుకున్నారు. అది డ్యూటీ దిగే గంట అనుకుని వారం రోజులుగా ఇళ్లకు వెళ్తున్నారట. బృందంవాళ్లు ఊరుకోకుండా బీరువా పగలగొట్టించారు. పెట్టె మీద అక్షరాలు చూసి బృందం నాయకుడు కిటికీలోంచి దూకాడు, మడమ విరిగింది. ఆపరేటరు పారిపోతూ రూలు ప్రకారం మెయిన్ ఆపేశాడు. ఊరంతా చీకటి. కుర్చీలన్నీ బయటికి మోసి జనరేటరు దాకా వెళ్లేసరికి అందులో డీజిలు లేదని తేలింది.

గంటన్నర తర్వాత కరెంటు వచ్చింది. ప్రజలు గొప్ప స్థైర్యం చూపారని పత్రికలకు ప్రకటన ఇచ్చాం.

ఎవరో ఒకరు బాధ్యత వహించాలి కదా. గుర్తు తెలియని శత్రువును లోపలికి వదిలినందుకు మొదటి గేటు గార్డును పనిలోంచి ఆపేశాం. విచారణ సంఘం వేశారు. ఆవిడ ఎవరో, ఎలా ఉంటుందో మీరు అంత వివరంగా రాసినందుకు కృతజ్ఞతలు. వెతుక్కునే పని తప్పింది.

మీ విధేయుడు,
అల్లుడు

తా.క.: పాస్‌వర్డు మార్చాం. ఈసారి గౌరవంగా మీ పుట్టినరోజు పెట్టాను. ఎవరికీ చెప్పకండి.

*

అల్లుడికి,

పెళ్లయినప్పటినుంచి నిన్ను మీరు అన్నాను. ఈ ఉత్తరంతో అది ఆపేస్తున్నాను.

మా పై వాటాలో ఉండే నర్సు ఆ గంటన్నరా ఆసుపత్రిలో, ఊపిరి యంత్రం ఆగిపోయిన ఒక రోగికి చేత్తో గాలి పంపు నొక్కుతూ నిలబడింది. రోగి బతికాడు. ఆమె ఇప్పటికీ కుడిచేత్తో జడ వేసుకోలేకపోతోంది. తన స్థైర్యం గురించి పేపర్లో చదివి, అదేమిటని నన్ను అడిగింది.

పాసమ్మ ఇంటికి వెళ్లాను. ఇస్త్రీ కొట్టు వెనక ఒకటే గది. యూనిఫాం ఉతికి, మడత నలగకుండా మేకుకు తగిలించి ఉంది. తిరిగి ఇచ్చెయ్యమన్నారట. ఇంటద్దె అడగడానికి వచ్చినాయన గుమ్మంలో కూర్చుని ఉన్నాడు. నేను ఎవరో చెప్పగానే తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. మంచినీళ్లిచ్చి, నెమ్మదిగా ఒక మాట అడిగింది.

“మీరు నిజమే చెప్పారు కదండీ. నేనూ నా పనే చేశాను. మరి తప్పెక్కడ జరిగింది?”

నువ్వయితే ఏం చెప్పేవాడివో తెలియదు.

విచారణకు నేనే వెళ్తాను. ఆ శత్రువు నేనేనని, నన్ను పంపింది నువ్వేనని, పాసమ్మ నన్ను ఆపిందని, సూపర్‌వైజరు తీసుకెళ్లాడని చెప్తాను. ఆవిడ ఉద్యోగం ఆవిడకు వచ్చేదాకా నోరు మూసుకోను. నన్ను లోపలేస్తే వెయ్యనీ. మాత్రలు సంచిలో సర్దుకున్నాను.

మామయ్య

తా.క.: అమ్మాయి మా ఇంటికి వచ్చేసింది. మేము రమ్మనలేదు. వస్తూ నీ గడ్డం గీసుకునే అద్దం కూడా తెచ్చేసింది. ఎందుకమ్మా అంటే, ఆయనకు దానితో ఇబ్బందిగా ఉంటుంది నాన్నా అంది.

*

భద్రతా, సన్నద్ధతా విభాగం

విషయం: విచారణ సంఘం నిర్ణయాలు తెలియజేయడం గురించి

అయ్యా,

విచారణ సంఘం ముందు తమరు ఇచ్చిన వాంగ్మూలాన్ని పూర్తిగా నమ్మడమైనది. నిర్ణయాలు కింది విధంగా ఉన్నవి.

ఆ రోజు లోపలికి వచ్చిన వ్యక్తి భద్రతాధికారి మామగారని రుజువైనది. అధికారి మామగారు శత్రువు కాలేరు. కనుక శత్రువు ప్రవేశించలేదు. శత్రువే ప్రవేశించనప్పుడు భద్రతాలోపం అన్న ప్రశ్న రాదు. నూటికి నూరు మార్కులు యథాతథంగా ఉంటాయి.

శత్రువును వదిలిందన్న ఆరోపణ నుంచి సదరు గార్డును విముక్తురాలిని చేయడమైనది. అయితే, అధికారి మామగారని తెలిసి కూడా ఆమె తమరిని ఆపినట్లు, ఎండలో నిలబెట్టినట్లు, పెట్టె విషయమై నిలదీసినట్లు తమరి వాంగ్మూలంలోనే స్పష్టంగా ఉన్నది. అధికారుల కుటుంబాల పట్ల అమర్యాదగా ప్రవర్తించినందుకు ఆమెను ఉద్యోగం నుంచి తొలగించడమైనది. ఆమె కోరుకుంటే డైరెక్టరుగారిని స్వయంగా కలిసి అప్పీలు ఇచ్చుకోవచ్చును. తొలగించినవారికి ఆవరణలోకి ప్రవేశం లేదు.

ఇకముందు ఇలాంటి అసౌకర్యం కలగకుండా అధికారుల బంధువుల కోసం మూడో గేటు కట్టడమైనది. దానికి గార్డు ఉండరు. బంధువుల పాసుల ఫారాలు జతచేశాం. వాటి మీద కుటుంబ పెద్ద సంతకం చాలును. సోమవారం ఉదయం తమరి చేతుల మీదుగా గేటు ప్రారంభం.

ఇట్లు,
భద్రతాధికారి

తా.క.: మామయ్యా, పైదంతా ఫైలు కోసం. నేను చాలా ప్రయత్నించాను. చాలా అంటే, ఒకసారి అడిగాను. మీరు అక్కడ నిజం చెప్పకుండా ఉంటే ఏదో ఒకటి చేసేవాడిని. అమ్మాయికి చెప్పండి, అద్దం లేక మూడుచోట్ల కోసుకున్నాను.

*

అల్లుడికి, మామయ్య రాసేది.

నీ ఉత్తరం పాసమ్మకు చదివి వినిపించాను. నోరు విప్పినందుకు సిగ్గుపడింది నేనే. ఆవిడ చివరిదాకా విని, మళ్లీ ఒకసారి చదవమంది. రెండోసారి చదవడం మొదటిసారి కన్నా కష్టమైంది.

తర్వాత ఫారాలు ముందేసుకుని కూర్చున్నాను. మీ అత్తగారికొకటి, అమ్మాయికొకటి, నాకొకటి నింపాను. నాలుగోది పాసమ్మ పేరున నింపి, బంధుత్వం అన్నచోట నా చెల్లెలు అని రాశాను. నాకు చెల్లెలు అంటే నీకు పిన్ని వరస. కుటుంబ పెద్దగా సంతకం పెట్టాను. నీ ఆఫీసులో మధ్యాహ్నానికల్లా ముద్ర వేసి ఇచ్చారు. చెల్లెలు ఎప్పుడు పుట్టిందని కూడా ఎవరూ అడగలేదు.

ఆవిడ ఒప్పుకోలేదు. “నా పని నేను అడుక్కోవడానికి చుట్టరికం ఎందుకండీ?” అంది. పాసు చేతికిచ్చాను. కళ్లజోడు పెట్టుకుని ముందూ వెనకా తిప్పి చూసింది. ఫొటో లేదంది. గడువు తేదీ లేదంది. నంబరు కూడా లేదంది. ఇలాంటిది పట్టుకుని ఎవడైనా లోపలికి వచ్చేస్తాడు, నేనైతే ఆపేస్తానంది. చివరికి, ఈ సంగతి డైరెక్టరుగారికి ఎవరో ఒకరు చెప్పాలి కదా అని, వస్తానంది.

అప్పీలు తనే రాసుకుంది. అరపేజీ. అందులో పైభాగమంతా మూడో గేటు వల్ల వచ్చే ప్రమాదం గురించే. తన ఉద్యోగం సంగతి చివరి రెండు వాక్యాలు. అది పైకి పెట్టమ్మా అన్నాను. ముందు గేటు అంది.

ఆవిడకు ఉద్యోగం ఇస్తారో లేదో నాకు తెలియదు. నీ విభాగాన్ని చూశాక ఆశ కూడా పెద్దగా లేదు. ఒక్కటి మాత్రం తెలుసు. గార్డుగా ఇన్నేళ్లు ఆవిడను గేటు దాటి లోపలికి రానివ్వలేదు. నీకు పిన్నిగా డైరెక్టరు గదిదాకా రావచ్చు. దారిలో ఆవిడను ఆపేవాళ్లు ఎవరూ లేరు. మీ దగ్గర ఆ పని చేసే మనిషి ఆవిడ ఒక్కతే.

మామయ్య

తా.క.: సోమవారం పదిన్నరకు రిబ్బను కత్తిరిస్తాను. పదకొండింటికి డైరెక్టరుగారి గదిలో బంధువులకు టీ అని కార్యక్రమంలో వేశారు. మీ పిన్నికి ఆయన ఎదుటి కుర్చీ వేయించు.