తుమ్మెదల పెట్టెలు బయటికి వచ్చాయి

కుమ్లుజా,
మంగళవారం సాయంత్రం.

డోండు అక్కకు,

నా ఉపన్యాసాలు భరించలేక ఫోన్ ఎత్తడం మానేశావు, అందుకే రాసి ఇప్పుడే మనిషి చేత పంపుతున్నాను. రేపు నీ కోడలు సెవిల్‌ను టమాటా పిలకలు గిల్లడానికి హిక్మెత్ గ్రీన్‌హౌస్‌కు పంపకు. ఇవాళ అక్కడ పురుగుమందు కొట్టించాడు. కొట్టించే ముందు, పూత పిందె కట్టడానికి కొన్న తుమ్మెదల పెట్టెలను జాగ్రత్తగా బయటికి మోయించి నీడన పెట్టించాడు. ఘాటు పోయేదాకా వాటిని లోపలికి తేడట.

"మరి ఆడకూలీలు?" అని నిలదీశాను.

"మనుషులకేం అన్నా, తట్టుకుంటారు. తుమ్మెదలే పాపం, చచ్చిపోతాయి!" అని నవ్వాడు.

కిటికీలన్నీ మూసే ఉన్నాయి. గుమ్మం దగ్గర నిలబడ్డందుకే నా నాలుక మొద్దుబారింది. కడుపుతో ఉన్న పిల్ల చేతులెత్తి తీగలను తాళ్లకు చుడుతూ రోజంతా ఆ గాలే పీల్చాలా? నాతో గొడవ తర్వాత పెట్టుకుందువుగాని. కూలీల బండి తెల్లవారకముందే మీ వీధికి వస్తుంది. తలుపు తీయకు.

నీ తమ్ముడు